నిష్ఠ, చాదస్తం, ఛాందసవాదం: ఎవరికి ఏ మాట?

సందేహం: ఒక పత్రికా వ్యాసంలో ఐదు పూటలా నమాజు చదివే వ్యాపారిని 'ఛాందసవాద ముస్లిం' అన్నారు. అదే వ్యాసంలో ఏకాదశి ఉపవాసం తప్పని ఇంకొకాయనను 'నిష్ఠాపరుడు' అన్నారు. ఛాందసవాది, మతతత్వవాది, మతోన్మాది, ఉగ్రవాది అనేవి పర్యాయపదాలేనా? ముస్లింలను 'భక్తులు' అనకూడదా? 'మితవాద ముస్లిం' సరైన ప్రయోగమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: పర్యాయపదాలు కావు. ఛాందసవాది అన్నప్పుడు మనం ఒకరి విశ్వాసం తీరు గురించి చెబుతున్నాం. మతతత్వవాది అంటే మతాన్ని ఓట్లకో, పెత్తనానికో వాడుకునే రాజకీయం గలవాడు. మతోన్మాది అంటే పరమతం వారికి హాని చేయడానికి వెనుకాడనివాడు. ఉగ్రవాది అన్నది నేరానికి సంబంధించిన మాట. ఉగ్రవాద చర్య అంటే ఏమిటో 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 15వ సెక్షన్‌లో నిర్వచనం ఉంది. మిగతా మూడూ రాసేవారి అభిప్రాయాలు, కాబట్టి ఆ మాట ఎందుకు వాడారో చూపించే పూచీ రాసినవారిదే. మీరు పంపిన వ్యాసంలో ఆ వ్యాపారి నమాజు చదవడం తప్ప ఇంకేమీ చేసినట్టు లేదు. అక్కడ ఆ మాట తప్పు.

'ఛాందస' సంగతి కాస్త వివరంగా చూడాలి. ఛందస్సు అంటే వేదం. వేదాధ్యయనం చేసినవాడు ఛాందసుడు. లోకం పోకడ తెలియని పాతకాలపు మనిషి అనే అర్థం తర్వాత వచ్చింది. ఇళ్లలో వినిపించే చాదస్తం ఈ కుటుంబంలోదే. 'మా అత్తయ్యకు మడి చాదస్తం ఎక్కువ' అంటే విసుగు ఉండవచ్చు గానీ భయం ఉండదు. దానికి 'వాది' చేరగానే మనిషి స్వభావం కాస్తా సిద్ధాంతం అయిపోతుంది. సిద్ధాంతం అన్నాక దానికి అనుచరులు, ప్రచారం, ప్రమాదం ఉంటాయని చదివేవారు ఊహించుకుంటారు. మన రాతల్లో జరుగుతున్నది ఇదే: హిందూ ఇంట్లో ఆచారం గట్టిగా పాటిస్తే నిష్ఠ, మరీ మితిమీరితే చాదస్తం. ముస్లిం ఇంట్లో అదే పట్టుదల ఉంటే నేరుగా ఛాందసవాదం. మధ్య మెట్లు రెండూ ముస్లింకు దక్కడం లేదు. 'నిష్ఠాపరుడైన ముస్లిం' అని ఎందుకు రాయకూడదు? తెలుగుకు ఏ అభ్యంతరమూ లేదు.

పత్రికల్లో ఛాందసవాదం, మౌలికవాదం అనే మాటలు 'ఫండమెంటలిజం'కు బదులుగా వచ్చాయి. ఆ ఇంగ్లీషు మాటకు ఇస్లాంతో పుట్టుక సంబంధం లేదు. 1910 నుంచి 1915 వరకు అమెరికా ప్రొటెస్టంట్లు తమ మూల విశ్వాసాలను సమర్థిస్తూ 12 సంపుటాల వ్యాసాలు వెలువరించారు. 1920లో ఒక బాప్టిస్టు పత్రిక సంపాదకుడు ఆ విశ్వాసాల కోసం నిలబడేవారికి 'ఫండమెంటలిస్ట్' అని పేరు పెట్టాడు. దాన్ని వాళ్లు గర్వంగానే చెప్పుకున్నారు. ముస్లింల విషయంలో ఆ మాట విరివిగా వాడుకలోకి వచ్చింది 1979 ఇరాన్ విప్లవం తర్వాత. ఇక్కడే చిక్కు వచ్చింది. కలిమా (విశ్వాస ప్రకటన), నమాజు, రోజా (ఉపవాసం), జకాత్ (విధిగా ఇచ్చే దానం), హజ్ అనే ఐదూ ఇస్లాం మూలస్తంభాలు. ఐదు పూటల్లో కలిపి 17 ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు, అంటే నమాజులోని ఆవృత్తాలు, కూడబెట్టిన సొమ్ములో నూటికి రెండున్నర వంతు జకాత్: ఇవి మామూలు విధులు. వీటిని పాటించడమే మౌలికవాదం అయితే ఊళ్లో నమాజు చదివే ప్రతి తాతా మౌలికవాదే. అప్పుడు ఆ మాటకు విలువేముంది?

'మతతత్వం' గురించి ఒక్క ముక్క. రూపం చూస్తే మతసారం అనిపిస్తుంది గానీ వాడుకలో స్థిరపడ్డ అర్థం రాజకీయమే. కాబట్టి 'మతతత్వం గల కుటుంబం' అని దైవచింతన ఉన్న ఇంటి గురించి రాయకండి.

'ఇస్లామిక్' అనే విశేషణం ఇంకో తంటా. ఇస్లామిక్ వాస్తుశిల్పం, ఇస్లామిక్ బ్యాంకింగ్, ఇస్లామిక్ ఉగ్రవాదం... మూడింటికీ మనం ఒకే మాట పెడుతున్నాం. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం ప్రభుత్వం నడవాలనే రాజకీయం గలవారిని ఇంగ్లీషులో 'ఇస్లామిస్ట్' అంటారు. సాయుధులందరికీ ఆ మాట వాడవద్దని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలి నియమావళిలో 2013లో సవరించింది. తెలుగులో ఆ తేడా చూపాలంటే ఉన్న దారి ఒకటే, సంస్థ పేరు రాయడం. ఏ ముఠా బాంబు పెట్టిందో తెలిస్తే ఆ ముఠా పేరు రాయాలి. తెలియకపోతే మతాన్ని తెచ్చి ఆ ఖాళీలో పెట్టకూడదు.

ముద్ర ఎంత పని చేస్తుందో 2020 చూపించింది. మర్కజ్ అంటే కేంద్రం అని మాత్రమే అర్థం. ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ అనే ఇస్లాం ప్రచార సంస్థ కేంద్రానికి వెళ్లొచ్చినవారిలో కరోనా బయటపడ్డాక 'మర్కజ్ కేసులు' అని రోజూ వేరే లెక్క వేశారు. రోగుల పట్టికలో ఇంకెవరికీ వాళ్ల ప్రార్థనా స్థలం పేరు పెట్టలేదు. ఆ వెంటే, ముస్లింలు కావాలనే వ్యాధి అంటిస్తున్నారనే అర్థంలో 'కరోనా జిహాద్' అనే మాట పుట్టింది. వ్యాధిని ఏ వర్గానికీ అంటగట్టవద్దని కేంద్ర ఆరోగ్యశాఖే ఏప్రిల్‌లో సూచన జారీ చేయాల్సి వచ్చింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్టు కనిపిస్తోందని వ్యాఖ్యానించింది. ఆ తీర్పు రాసినప్పటికి ముద్ర ఊరూరా తిరిగేసింది. 'లవ్ జిహాద్' కూడా అంతే. ప్రస్తుత చట్టాల్లో ఆ మాటకు నిర్వచనం లేదని 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ లోక్‌సభకు తెలిపింది. కొటేషన్ గుర్తుల్లో పెట్టకుండా, ఎవరు అన్నారో చెప్పకుండా ఈ మాటలు రాయవద్దు.

ఒక వాక్యం దిద్ది చూద్దాం. 'ఛాందసవాద ముస్లింలు ఎక్కువగా ఉండే కాలనీలో ఉగ్రవాది అరెస్టు.' ముందు మొదటి సగం తీసేయండి. కాలనీవాళ్ల భక్తికీ అరెస్టుకూ సంబంధం ఉందని వార్తలో ఎక్కడా లేదు. తర్వాత 'ఉగ్రవాది' చూడండి. పోలీసులు అడిగి తెలుసుకోవడానికి తీసుకెళ్లినవాడు అనుమానితుడు, కేసులో పేరు ఎక్కినవాడు నిందితుడు, కోర్టు తేల్చాకే దోషి. 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో పట్టుబడ్డ ముస్లిం యువకులు ఎందరో తర్వాత కోర్టులో నిర్దోషులుగా తేలారు. వారి పేర్ల పక్కన అచ్చయిన మాటను ఎవరూ చెరపలేదు. కాబట్టి: 'ఉగ్రవాద కేసులో నిందితుడి అరెస్టు, కాలనీలో సోదాలు.' చెప్పవలసిన సమాచారం ఒక్కటీ పోలేదు.

రంజాన్ నాడు 'ముస్లిం సోదరులు', మర్నాడు నేరవార్తలో 'ముస్లిం యువకుడు' అని రాసే అలవాటు కూడా మానాలి. దొంగతనం కేసులో నిందితుడి మతం అక్కరలేదు.

ఇక 'భక్తులు'. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ వార్తల్లో 'భక్తులు' అనే రాస్తారు, సరైనదే. అక్కడికి హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. తెలుగు ఖురాన్ అనువాదాల్లో 'తఖ్వా'కు 'భయభక్తులు' అని కనిపిస్తుంది. అందువల్ల దైవభక్తి, భక్తిపరుడు అన్నవి ముస్లింకు నిస్సంకోచంగా వాడవచ్చు. మసీదుకు వచ్చినవారికి మాత్రం 'నమాజీలు' మేలు. 'నమాజు చేశారు' కన్నా 'నమాజు చదివారు' అనడం వాళ్ల ఇళ్లలోని పలుకుబడి.

'మితవాద ముస్లిం' వద్దు. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పటి నుంచి మితవాదులు అంటే అతివాదులకు ఎదుటి పక్షం. ఇప్పటి పత్రికల్లో 'మితవాద పార్టీ' అంటే సంప్రదాయ పక్షం కూడా. ఏ అర్థమో చదివేవారికి తెలియదు. అంతకన్నా పెద్ద తప్పు, నమాజు తగ్గిన కొద్దీ మనిషి మంచివాడు అవుతాడనే కొలబద్ద అందులో దాగి ఉంది. ఒకాయన ఐదు పూటలా నమాజు చదువుతూ ఆడపిల్లల చదువు కోసం పోరాడవచ్చు. ఆ రెండూ రాయండి, విశేషణం అక్కరలేదు.