స్లీవ్ సర్జరీ చేయించుకుంటే కొలెస్ట్రాల్ మాత్ర మానేయొచ్చా?

మీ బరువు 112 కేజీలని, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎక్కువని, నాన్నగారికి యాభై నిండకుండానే గుండెపోటు వచ్చిందని రాశారు. నేను స్లీవ్, అంటే బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే ఆపరేషన్, చేయించుకుని కొన్నేళ్లయింది. దాని వల్ల గుండెకి మేలు జరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ మీ ఇంట్లో ఉన్న చరిత్రకి, మాత్ర మానేయొచ్చన్న ఆశతో మాత్రం ఆపరేషన్‌కి వెళ్లకండి.

లిపిడ్ ప్రొఫైల్‌లో, అంటే రక్తంలో కొవ్వుల పరీక్షలో, అన్ని అంకెలూ ఒకేలా మారవు. ముందు తగ్గేవి, బాగా తగ్గేవి ట్రైగ్లిజరైడ్స్. నాకు 300 దాటి ఉండేవి, ఏడాది తిరిగేసరికి 150 లోపుకి వచ్చాయి. కాలేయంలో పేరుకున్న కొవ్వు కరిగి, ఇన్సులిన్ సరిగా పనిచేయడం మొదలైతే కాలేయం రక్తంలోకి వదిలే కొవ్వు తగ్గిపోతుంది. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మాత్రం నిదానంగా పెరుగుతుంది. బరువు వేగంగా పడిపోయే మొదటి నెలల్లో కాస్త తగ్గినా తగ్గుతుంది. అప్పటి రిపోర్ట్ చూసి మా ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. బరువు నిలకడకి వచ్చాక అదే పెరిగింది.

అసలు పేచీ చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌తోనే. స్లీవ్‌లో పొట్టని ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు, పేగుల జోలికి వెళ్లరు. నాకు ఎల్‌డీఎల్ కొద్దిగానే తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రోసువాస్టాటిన్ డోసు తగ్గించారు గానీ ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాను. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో అయితే చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి తిండిని కిందికి పంపుతారు. ఈ రెండు ఆపరేషన్లనీ పోల్చి చూసినప్పుడు ఎల్‌డీఎల్ బైపాస్‌లోనే ఎక్కువ తగ్గుతోంది. పేగుకీ కొలెస్ట్రాల్‌కీ ఉన్న సంబంధం డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలో పోష్ అనే అధ్యయనంలో, అప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకి చిన్నపేగు చివరి భాగాన్ని బైపాస్ చేశారు. అది బరువు కోసం కాదు, కొలెస్ట్రాల్ కోసమే. 1990లో ఫలితాలు వచ్చాయి: ఆపరేషన్ లేనివాళ్లతో పోలిస్తే ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తక్కువ. కాబట్టి స్లీవే అని ముందే నిర్ణయించుకోకుండా, మీ ఎల్‌డీఎల్ చూపించి బైపాస్ గురించి కూడా సర్జన్‌ని అడగండి.

గుండె విషయానికొస్తే నాకు ధైర్యం ఇచ్చింది స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్ఓఎస్ అధ్యయనం. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయని 2012లో ప్రచురించారు. అందులో నాకు ముఖ్యమనిపించింది ఏంటంటే, ఎవరు ఎన్ని కేజీలు తగ్గారన్నదాన్ని బట్టి ఆ మేలు మారలేదు. మీ బరువు అనుకున్నంత తగ్గకపోయినా దిగులు పడకండి. బీపీ, షుగర్, నిద్రలో ఊపిరాడకపోవడం, ఇవి తగ్గడం కూడా గుండెకి లాభమే. అయితే బీపీ పడిపోయి, లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. నాకూ అలా అయితే డాక్టర్ ఒక మాత్ర తీసేశారు. మీరు సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, దానికి మొదట్లో మందు ఇస్తారు. బీ12, ఐరన్, కాల్షియం పట్టించుకోకపోతే నీరసం వదలదు. గుండె డాక్టర్ ఆస్పిరిన్ రాసి ఉంటే సర్జన్‌కి ముందే చెప్పండి, బైపాస్ తర్వాత పుండ్లు పడే ప్రమాదం ఉంటుంది.

మీ ఎల్‌డీఎల్ ఎంతో రాయలేదు. స్టాటిన్ మొదలుపెట్టక ముందటి పాత రిపోర్ట్ ఉంటే వెతకండి. అందులో 190 దాటి ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చినదేమో చూడాలి, అలాంటిది బరువు తగ్గినంత మాత్రాన పోదు. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే లైపోప్రోటీన్(ఎ) అనేదాని పరీక్ష కూడా ఒక్కసారి చేయించండి. అదీ వంశపారంపర్యంగా వచ్చేదే, ఈ సర్జరీతో పెద్దగా మారదు. ఆ రెండూ చేతిలో పెట్టుకుని ముందు కార్డియాలజిస్ట్‌ని కలవండి, తర్వాతే సర్జన్ దగ్గరికి వెళ్లండి.