చదువు మానితే పరుగుకే నష్టం

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. జిల్లా స్థాయి హర్డిల్స్‌లో (అడ్డుకర్రలు దూకుతూ పరుగెత్తే పోటీ) రెండుసార్లు మొదటి స్థానం తెచ్చుకుంది. శిక్షణ కేంద్రానికి పంపమని పీఈటీ మాస్టారు అంటున్నారు. చదువు మాన్పించి పూర్తిగా పరుగుకే వదిలేయాలా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: కేంద్రానికి పంపండి, చదువు మాత్రం మాన్పించవద్దు. ఈ మాట నేను చెబుతున్నది ముందుగా పరుగు కోసమే.

మీ పక్కనున్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజిని చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేవారు. ఆమె ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. హకీంపేటలో కోచ్ నాగపురి రమేష్ దగ్గర, తర్వాత గుంటూరులో, ఆపైన భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర సాధన చేసింది. 2023లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.78 సెకన్ల జాతీయ రికార్డు పెట్టి కాంస్యం గెలిచింది చైనాలోని చెంగ్డూలో, ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో. పేరులోనే ఉంది కదా, కాలేజీలో చేరని వారికి అక్కడ లేన్ దొరకదు.

మరో సంగతి మీరు ముందే తెలుసుకోవాలి. 2020లో కర్ణాటకలోని మూడబిదిరిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరుగెత్తింది. డోప్ పరీక్ష (నిషేధిత మందులు వాడారా అని చూసేది) జరగలేదని అది రికార్డు కాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. వెనకనుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డుగా లెక్కించరు, ఆ రోజు 2.1 ఉంది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో అనురాధా బిశ్వాల్ 2002 నాటి 13.38 రికార్డును చెరిపింది. అంటే లెక్కకు వచ్చిన పరుగు, రాని రెండింటికన్నా నెమ్మదైనది! ఆ రెండేళ్లలో ఇంట్లోవాళ్లు ఎంత ఓర్చుకుని ఉంటారో తలచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది. మీకూ అలాంటి రోజులు వస్తాయి. అప్పుడు అమ్మాయిని నిందించకండి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో పోటీపడిన తొలి భారతీయురాలు ఆమె. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచిన కొద్ది వారాలకే సాధనలో మోకాలి లిగమెంటు దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. ఇరవై అయిదేళ్ల వయసులో, అదీ మంచి ఊపు మీద ఉన్నప్పుడు. అలా ఇంటిపట్టున ఉండాల్సి వస్తే మీ అమ్మాయి చేతిలో ఒక డిగ్రీ ఉండాలి. రైల్వే వంటి సంస్థలు క్రీడాకోటాలో ఉద్యోగాలిస్తాయి, అక్కడా పతకంతో పాటు విద్యార్హత చూస్తారు.

ఇక మాస్టారిని ఒక ప్రశ్న అడగండి. పద్దెనిమిదేళ్ల లోపు బాలికలకు హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు, పెద్దలకు 83.8. పది హర్డిల్స్ ఉంటాయి, ఒక్కో రెండింటి మధ్య దూరం 8.5 మీటర్లు, దాన్ని మూడే అడుగుల్లో దాటాలి. ఇప్పటి హర్డిల్స్ మధ్య మీ అమ్మాయి మూడు అడుగులే వేస్తోందా, చివర్లో నాలుగో అడుగు పడుతోందా? మూడే అయితే ఈ వేసవిలోనే కేంద్రం ఎంపిక పరీక్షకు తీసుకువెళ్లండి, నాలుగో అడుగు పడుతుంటే ఇంకో ఏడాది ఆగండి.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఉదయం, సాయంత్రం మైదానానికి వదిలే కాలేజీ చూడండి.