తలుపు తీయని గది: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాజమండ్రిలో లాడ్జి లీజుకి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. లెక్కలూ నీళ్ల మోటారూ నువ్వే నేర్చుకుంటావు. ముప్పై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి వేరే సంగతి రాస్తున్నాను. గోదావరి స్నానానికనీ, అస్థికలు కలపడానికనీ ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లు ఆ ఊళ్లో ఎక్కువ. వాళ్లలో ఒకరు ఎప్పుడో నీ గదిలోనే కన్నుమూయవచ్చు.

పొద్దెక్కినా తలుపు తీయకపోతే గట్టిగా పిలువు, ఫోన్ చెయ్యి. ఉలుకూ పలుకూ లేకపోతే 112కి, 108కి చెప్పి, ఇద్దరు మనుషుల్ని పక్కన పెట్టుకుని తలుపు తెరువు. ప్రాణం ఉందేమో చూడ్డానికి తప్ప లోపల దేన్నీ ముట్టుకోవద్దు. ఫోన్ చార్జింగులో ఉంటే అలాగే ఉండనీ. అది మోగితే తెరమీద పడ్డ పేరూ నెంబరూ రాసుకుని ఎస్సైకి ఇవ్వు. గుమ్మం దగ్గర ఒక కుర్రాణ్ణి నిలబెట్టు. ఎవరూ ఫొటో తీయకూడదు. ఇంట్లోవాళ్లు ఆ మనిషిని వాట్సాప్‌లో అలా చూడకూడదురా.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి అనుభవంలో మేం తప్పు చేశాం. ఆధార్ లేని రోజులు. గదిలో పోయిన పెద్దాయన రిజిస్టర్లో రాసిన అడ్రసుకి మనిషిని పంపితే అలాంటి ఇల్లే లేదు. పోలీసులు వచ్చేలోపు గది బాగుండాలని మా రూమ్‌బాయ్ చెత్తంతా ఊడ్చేశాడు. నేనూ వద్దనలేదు. చివరికి ఎస్సైగారు చొక్కా కాలరు తిప్పి చూస్తే లోపల టైలరు లేబుల్ ఉంది, దాని మీద ఊరి పేరు. ఆ ఊరి స్టేషన్ వాళ్లు ఫొటో పట్టుకెళ్లి అడిగితే టైలరు గుర్తుపట్టాడు. నాలుగో రోజుకి కొడుకు వచ్చాడు. తర్వాత చెత్త డబ్బా వెతికితే మందుల చీటీ దొరికింది, డాక్టరు ఫోన్ నెంబరుతో సహా. అది మొదటిరోజే ఎస్సైగారి చేతిలో పడి ఉంటే ఆయన మూడు రోజులు మార్చురీలో పేరు లేకుండా పడి ఉండేవాడు కాదు.

శవ పంచనామాకి, అంటే శవాన్ని చూసి పోలీసులు రాసే రిపోర్టుకి, చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరు కావాలి. అప్పుడు పాత సీఆర్‌పీసీ చట్టం సెక్షన్ 174 కింద రాసేవారు, 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 194. ఎవరూ ముందుకు రాకపోతే నువ్వే వెళ్లి బతిమాలు. వాచీ, డబ్బు, సంచి అన్నీ రాశారో లేదో దగ్గరుండి చూడు. సీసీ కెమెరా రికార్డు పాతది చెరిగిపోతూ ఉంటుంది, అదేరోజు కాపీ తీయించు.

ఒంటరిగా వచ్చిన పెద్దాయన గదిలో దిగేటప్పుడు ఆధార్ జిరాక్సుతో ఊరుకోకు. ఇంట్లోవాళ్ల నెంబరు ఒకటి అడిగి, ఆయన ఎదురుగానే రింగు ఇచ్చి చూడు. ఇలా ఒకసారి జరిగిందని ఒంటరి ముసలివాళ్లకి గది లేదనకు. చాలా లాడ్జీలు అలాగే చేస్తున్నాయి, నాకు నచ్చదు.

బంధువులు వస్తే బాకీ ఊసెత్తకు. గది చూస్తామంటే తీసుకెళ్లి చూపించు. మా దగ్గరికి వచ్చిన ఆ కొడుకు మంచం అంచున పది నిమిషాలు కూర్చుని, వాళ్ల నాన్న ఆ రాత్రి అన్నం తిన్నాడా అని అడిగాడు. కింద హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకున్నారని మా రూమ్‌బాయ్ చెప్పాడు.

ఇట్లు,
మీ మావయ్య