ఆఫీసు వాలీబాల్‌లో నా దాకా బంతే రావట్లేదు: సమాధానం

బంతి మీ దాకా రానిది మీ ఆట తక్కువై కాదు. మీరు నోరు విప్పట్లేదు, అందుకే పక్కవాళ్లు మీ బంతి కూడా లాగేసుకుంటున్నారు. ఆరు వారాలుగా మిక్స్‌డ్ (ఆడా మగా కలిసి ఆడే) టీమ్‌లో ఉన్నా ఇదే పరిస్థితి అంటే దాదాపు ఖాయం.

1. బంతి వల దాటేలోపే "నాది!" అని గట్టిగా అరవండి. కొత్తవాళ్లు సిగ్గుతో వదిలేసేది ఇదే. చేతికి తగిలాక అరిస్తే లాభం లేదు. మిస్సయినా ఎవరూ ఏమనరు. ఇద్దరి మధ్య చప్పుడు లేకుండా పడే బంతికే అందరికీ ఒళ్లుమంట.

2. వల ఎత్తు టేపుతో కొలవండి. 2.43 మీటర్లు మగవాళ్ల కొలత, ఆడవాళ్లది 2.24. మగవాళ్ల ఎత్తులోనే కట్టి ఉంటే కాస్త దించమని అడగండి.

3. టీమ్‌తో మాట కలవాలంటే పావుగంట ముందెళ్లి వల కట్టడంలో చెయ్యేయండి. మా మేనేజర్‌తో నాకు మాట కలిసింది ఆ తాడు ముడి దగ్గరే.