విమానం ఇంజిన్ ఆయిల్ ఎన్నాళ్లకోసారి మారుస్తారు?

"కారుకి పదివేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్పిస్తాం. విమానం ఒక్క రోజులోనే దాదాపు అంత తిరుగుతుంది కదా, దానికి రోజూ మారుస్తారా?" అని ఒకరు అడిగారు.

మార్చరండీ. తగ్గినంత పోస్తారు.

కారులో పిస్టన్ రింగుల సందుల్లోంచి మసి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, అందుకే నల్లబడుతుంది. జెట్ ఇంజిన్‌లో మంట ఉండే చోటికి ఆయిల్ వెళ్లదు. బేరింగుల్నీ గేర్‌బాక్సునీ తడిపి, అక్కడి వేడిని మోసుకొచ్చి ఇంధనానికి అప్పగించడమే దాని పని. బేరింగుల దగ్గర ఆయిల్ కారకుండా అడ్డుకునే సీళ్లు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, ఆ గాలితోపాటు కొంత ఆయిల్ ఆవిరిగా బయటికి పోతుంది. చాలా ఏ320 విమానాలకి ఉండే సీఎఫ్ఎం56 ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే గంటకి పావు క్వార్టు కూడా తాగదు. క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ, డబ్బాలు ఆ కొలతలోనే వస్తాయి. ట్యాంకులో 20 క్వార్టులు ఉన్నాయి, గంటకి 0.2 ఖర్చవుతోంది అనుకోండి. 100 గంటల్లో ట్యాంకెడు ఆయిల్ పోసినట్టే. రోజుకి 12 గంటలు ఎగిరే విమానానికి అది ఎనిమిది రోజుల పైచిలుకు ముచ్చట. ఇక పనిగట్టుకుని మార్చడం ఎందుకు? ఫ్లయింగ్ క్లబ్బుల్లోని చిన్న విమానం సెస్నా 172 సంగతి వేరు. అది పిస్టన్ ఇంజిన్, అచ్చం కారు లెక్కే: ఆయిలంతా వడగట్టే ఫుల్ ఫ్లో ఫిల్టరుంటే 50 గంటలు, లేకపోతే 25. గంటలు నిండకపోయినా నాలుగు నెలలకి మార్చాల్సిందే.

ఎంత పోశామన్నదాని కంటే లెవెల్ ఎప్పుడు చూశామన్నది ముఖ్యం. సీఎఫ్ఎం56కి ఇంజిన్ ఆపిన 5 నిమిషాల తర్వాత, 30 నిమిషాల లోపల చూడాలి. ముందే మూత తీస్తే మరిగే ఆయిల్ మొహాన కొడుతుంది, పైగా నురగ ఇంకా అణగదు. బాగా ఆలస్యమైతే ట్యాంకులోది మెల్లగా గేర్‌బాక్సులోకి జారుకుంటుంది, లెవెల్ తక్కువ చూపిస్తుంది. తెల్లారి వచ్చి "అయ్యో తగ్గిందే" అని రెండు డబ్బాలు ఒంపితే, స్టార్ట్ చేశాక దాక్కున్నదంతా తిరిగొస్తుంది. పొంగిన ఆయిల్ గాలి పోయే గొట్టం (వెంటు) గుండా బయటికి పోతుంది, ఒక్కోసారి క్యాబిన్‌లో పాత సాక్సుల కంపు కొడుతుంది. ఆ తర్వాత లేని లీకు కోసం రాత్రంతా వెతుకులాట.

ఇంకో సంగతి. లెవెల్ తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే ఎవరికీ అనుమానం రాదు. పోయకుండానే పెరిగిందంటే ఇంధనంతో ఆయిల్‌ని చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ లోపల చిల్లుపడి, ఇంధనం ఆయిల్‌లోకి వస్తోందన్నమాట. వాసన చూడండి, కిరోసిన్ కంపు వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. రంగు ముదిరినంత మాత్రాన ఆయిల్ చెడినట్టు కాదు. మాడిన వాసన వస్తే మాత్రం ఏదో బేరింగు దగ్గర వేడి ఎక్కువవుతోందని అర్థం.

అసలు మీరు అడగాల్సిన ప్రశ్న ఆయిల్ గురించి కాదు, చిప్ డిటెక్టర్ గురించి. తిరిగొచ్చే ఆయిల్ దారిలో పెట్టే చిన్న అయస్కాంతం అది. దాని మొన మీద మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంటే మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే మెరిసే పొలుసులుంటే బేరింగు పెచ్చులూడుతోంది. ఆ పొలుసుల్ని టేపుతో ఎత్తి ల్యాబుకి పంపితే ఏ లోహమో, ఏ భాగానిదో తేలుతుంది. ఇంత మంచి పరికరం ఒకసారి మూడు ఇంజిన్లనీ ఒకే ప్రయాణంలో ఆపేసింది.

1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి మూడింజిన్ల విమానం ఎల్-1011, అమెరికాలోని మయామీ నుంచి బహామాస్ దీవుల్లోని నసావు వెళ్తోంది. అందులో 172 మంది. ముందురోజు రాత్రి మూడు ఆర్‌బీ211 ఇంజిన్ల చిప్ డిటెక్టర్లనూ తనిఖీ కోసం మార్చారు. మామూలుగా ఫోర్‌మన్ బీరువాలో ఉండే వాటికి ఓ-రింగులు (ఆయిల్ కారకుండా సందు మూసే రబ్బరు రింగులు) తొడిగే ఉంటాయి. ఆ రాత్రి అక్కడ లేక స్టోరు నుంచి తెచ్చినవాటికి రింగులు లేవు. ఉన్నాయనుకుని బిగించేశారు. లీకు చూడటానికి స్టార్టరుతో తిప్పింది సుమారు పది సెకన్లు. ఆ కాస్త సేపట్లో చుక్క కనబడలేదు. నసావు దగ్గర దిగుతుండగా నడిమి ఇంజిన్‌కి ఆయిల్ ప్రెషర్ పడిపోయింది, ఆపేసి మయామీకి మళ్లారు. ఇంతలో మిగతా రెండింటి ఆయిల్ గేజీలూ సున్నా చూపాయి. మూడింటికీ ఒకేసారి ఆయిల్ పోవడమేమిటి, గేజీలే తప్పయి ఉంటాయని సిబ్బంది అనుకున్నారు. వాళ్ల తర్కంలో తప్పులేదు, గేజీలే నిజం చెప్పాయి. మిగిలిన రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. విమానం సముద్రం వైపు జారుతూ సుమారు 4,000 అడుగులకి దిగాక, మొదట ఆపేసిన నడిమి ఇంజిన్ మళ్లీ అందుకుంది. ఆ ఒక్కదానితోనే మయామీలో దిగారు, అందరూ క్షేమం. ముందుగానే ఆపేయబట్టి దానిలో ప్రాణం మిగిలిందని నా గట్టి నమ్మకం.

ఇంత చరిత్ర ఉన్నా ఓ-రింగంటే ఇప్పటికీ చులకనే. శంషాబాద్‌లో 2025 నవంబరులో లీప్ అనే జెట్ ఇంజిన్ల ఓవర్‌హాల్ కేంద్రం తెరిచారు కాబట్టి మన పిల్లలు ఈ వైపు చూడటం సహజం. చేరే ముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఒక్కటే అడగండి: బ్రోషరు మీద ఇంజిన్ లోపలికి తొంగిచూసే బోరోస్కోపు బొమ్మ సరే, ఓ-రింగు తొడగడం చేతికిచ్చి నేర్పుతారా?

నేర్పాల్సింది ఇది. పాత రింగు చేతిలోకి వచ్చిందో లేదో చూసుకోవాలి; డిటెక్టర్ కూర్చునే హౌసింగులోనే అతుక్కుని ఉండిపోతే కొత్తది సరిగా కూర్చోదు. ఎంత బాగున్నట్టు కనిపించినా పాతదాన్ని మళ్లీ వాడకూడదు. కొత్తదాని పార్ట్ నంబరు, గడువు చూసి, గ్రీజు కాకుండా ఆ ఇంజిన్‌లో వాడే ఆయిల్‌తోనే తడిపి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. డిటెక్టర్‌ని నొక్కి తిప్పాక ఒకసారి వెనక్కి లాగి చూడాలి, తాళం పడకపోతే అప్పుడే ఊడి వస్తుంది. చేతికి గ్లవ్స్ ఉండాలి, ఈ ఆయిల్‌లోని రసాయనాలు ఒంటికి మంచివి కావు. సగం వాడిన డబ్బాని రేపటికి దాచకూడదు, ఈ సింథటిక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది.

రెండు ఇంజిన్లకీ ఒకే పనిని ఒకే మనిషి ఒకే రాత్రి చేయకూడదు. సముద్రాలు దాటే రెండింజిన్ల విమానాలకి ఇది నిబంధనే. మిగతావాటికీ పాటిస్తే ఎవరి సొమ్మూ పోదు: ఎడమది ఈరోజు, అది ఎగిరి వచ్చాక కుడిది. మనుషులు తక్కువై తప్పనిసరైతే వేరే ఇన్‌స్పెక్టరు చూడాలి, ఆపైన ఇంజిన్‌ని స్టార్టరుతో తిప్పి వదిలేయకుండా ఐడిల్‌లో (కనీస వేగంతో) నడిపి, ఆపి, కౌలింగు (ఇంజిన్ పైతొడుగు) తెరిచి డిటెక్టర్ కింద తెల్లటి పొడిగుడ్డతో తుడిచి చూడాలి.