మూడు చాలవా, నాలుగో శాటిలైట్ ఎందుకు?

ప్రశ్న: పొడవు, వెడల్పు, ఎత్తు తెలిస్తే మనమెక్కడున్నామో తెలిసిపోతుంది కదా, మూడు శాటిలైట్లు చాలాలి. జీపీఎస్‌కి నాలుగు కావాలంటారెందుకు? పరుగెత్తే బస్సులో కూడా ఫోన్ చోటు ఎలా చూపిస్తుంది?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఫోన్‌లో మంచి గడియారం ఉంటే మూడే చాలేవండీ. లేదు, అదే తంటా.

ప్రతి శాటిలైట్ తానెక్కడుందో, తన గడియారంలో టైమెంతో రేడియోలో చెబుతూనే ఉంటుంది. ఆ సిగ్నల్ మనదాకా రావడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో, అంటే సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లతో, హెచ్చిస్తే దూరం వచ్చేస్తుంది. (ఫోన్ పైకి ఏమీ పంపదు, వినడమే. శాటిలైట్ మనల్ని చూస్తోందని టెన్షన్ పడేవాళ్లు ఇంకా ఉన్నారు.) కానీ పైన ఉన్నది అణు గడియారం, మన ఫోన్‌లో ఉన్నది చవక క్వార్ట్జ్ ముక్క, అది సెకనులో పదిలక్షో వంతు తేడా చూపిస్తే చాలు దూరం 300 మీటర్లు తప్పుతుంది, వెయ్యో వంతైతే 300 కిలోమీటర్లు!

అయితే ఆ తప్పు ఏ శాటిలైట్ దూరం లెక్కేసినా ఒకేలా పడుతుంది. అందుకని ఫోన్ దాన్ని కూడా తెలియని సంఖ్యల్లో చేర్చేసి, శాటిలైట్‌కి ఒకటి చొప్పున మూడుకి బదులు నాలుగు సమీకరణాలు కడుతుంది, చోటుతో పాటు సరైన టైమూ తేలుతుంది. జీపీఎస్‌లో అసలు తెలివంతా ఇక్కడే ఉందని నేనంటాను. ఉన్నచోటు నుంచి కదలని సెల్ టవర్లకి జీపీఎస్ యాంటెన్నా ఎందుకనుకున్నారు? టైమ్ కోసమే.

ఇక మీ బస్సు. సిగ్నల్ కిందికి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు, ఆలోగా గంటకు 60 కిలోమీటర్ల బస్సు మీటరు పైచిలుకు కదిలితే గొప్ప. శాటిలైటే సెకనుకు 4 కిలోమీటర్లకి కాస్త తక్కువగా పోతుంటుంది, దాని కక్ష్య వివరాలు సిగ్నల్‌లోనే ఉంటాయి కాబట్టి పేచీ లేదు. పైగా కదలిక వల్ల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడాని బట్టి ఫోన్ మీ స్పీడు కూడా పట్టేస్తుంది.

గడియారం ఎంత ముఖ్యమో ఇస్రోకి బాగా తెలుసు. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్. దాని మొదటి శాటిలైట్, 1ఏ, తన మూడు రుబిడియం గడియారాలూ (అవీ అణు గడియారాలే) పోవడంతో, మిగతాదంతా పనిచేస్తున్నా చోటు చెప్పడానికి అక్కరకు రాకుండా పోయింది. అవి బయటి నుంచి కొన్నవి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన నావిక్ శాటిలైట్ ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మనదేశంలోనే చేసిన రుబిడియం గడియారం పెట్టారు.