అంతరిక్ష ఫాంటసీకి రూల్స్ వెతుకుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు తయారుచేస్తున్న రోల్‌ప్లేయింగ్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఆట) ముసాయిదా చదివాను. నక్షత్రాల మధ్య తెరచాప ఓడలు, మంత్రగాళ్లు, దెయ్యాలు సుంకం వసూలు చేసే రేవులు. ఊహకు వంక పెట్టలేను. రూల్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘డీ అండ్ డీ ఐదో ఎడిషన్, పైన కొన్ని హౌస్ రూల్స్’ అని తేల్చేశావు: అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, దానిపైన నీ సొంత రూల్స్ కొన్ని. ఆ ‘కొన్ని’లోనే ఉంది అసలు పనంతా.

సిస్టమ్‌ల (రూల్స్ వ్యవస్థల) పేర్లు కాసేపు పక్కన పెట్టి, నీ ఆటగాళ్లు ప్రతి సెషన్‌లో దేనికి భయపడాలో రాసుకో. నువ్వు రాసిందాన్ని బట్టి మూడు కనిపిస్తున్నాయి: దారిలో తిండి అయిపోవడం, గాలి చెడిపోవడం, అప్పులవాళ్లు వెంటపడటం. ఐదో ఎడిషన్‌లో తిండి భయం మొదటి లెవెల్లోనే (పాత్ర ఎదుగుదలలో తొలి మెట్టులోనే) పోతుంది. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) గుడ్‌బెర్రీ మంత్రం వేస్తే పది పళ్లు, ఒక్కో పండు ఒక మనిషికి ఒక రోజు తిండి. ఐదో లెవెల్ క్లెరిక్ (పూజారి పాత్ర) క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్ మంత్రంతో పదిహేను మందికి నీళ్లతో సహా రోజు గడిపేస్తాడు. ఇంక సరుకుల పట్టిక ఎవరు చూస్తారు?

అలాగని ఆ మంత్రాలను నిషేధించకు, ఖరీదు పెట్టు. డీ అండ్ డీకే చెందిన 1989 నాటి అంతరిక్ష లోకం స్పెల్‌జామర్‌లో ఓడను నడిపే ఆసనం మీద కూర్చున్న మంత్రగాడికి ఆ రోజుకి మంత్రాలు ఉండవు. ప్రయాణం చేశామంటే మంత్రబలం ఖర్చయిందన్నమాట. చక్కని ఏర్పాటే గానీ, దారిలో యుద్ధం వస్తే ఆ ఆటగాడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అందుకే నీ ఆటలో అన్నీ కాకుండా, అతని దగ్గరున్న స్లాట్లలో (రోజుకి వేయగల మంత్రాల కోటాలో) పెద్దది ఒక్కటి తీసుకో.

అప్పే ప్రధానమైతే 1977 నుంచీ ఉన్న అంతరిక్ష ఆట ట్రావెలర్ చూడు. ఓడ ధరలో 240వ వంతు చొప్పున నెలనెలా, నలభై ఏళ్లు కట్టాలి. అంటే చివరికి రెట్టింపు ధర. ఆ ఒక్క వాయిదా చాలు, సిబ్బంది చెత్త పనులకు కూడా ఒప్పుకోవడానికి. దొంగతనాలు, ఛేజింగులు ఎక్కువైతే 2018లో వచ్చిన స్కమ్ అండ్ విలనీ అనే ఆట తేలిక.

ఒక సిస్టమ్‌లోని వస్తువును ఇంకోదాంట్లోకి తెచ్చేటప్పుడే ఎక్కువమంది తప్పుతారు. డీ20లో, అంటే డీ అండ్ డీలా ఇరవై ముఖాల పాచికతో ఆడే ఆటల్లో, వేసిన అంకెకు +2 బోనస్ కలిస్తే గెలిచే అవకాశం మామూలుగా పది శాతం పెరుగుతుంది. ట్రావెలర్‌లో రెండు ఆరు ముఖాల పాచికలు వేసి 8 లేదా పైన రావాలి. బోనస్ లేకుండా 42 శాతం, +1తో 58, +2తో 72, +4తో 92. నీ ‘నక్షత్ర ఖడ్గం +2’ అక్కడ పెడితే, నేర్పు వల్ల ముందే +2 ఉన్న యోధుడికి మొత్తం +4 అయి, ఇంక పాచిక వేయాల్సిన పనే దాదాపు ఉండదు. +1 చాలు, అదీ అరుదుగా.

ఓడల యుద్ధం నీ ముసాయిదాలో బలహీనం. పైలట్ నడుపుతాడు, గన్నర్ కాలుస్తాడు, మిగతా ముగ్గురు ఫోన్లు చూసుకుంటారు. 2017 నాటి స్టార్‌ఫైండర్ ఆట దీనికోసమే కెప్టెన్, ఇంజనీర్, సైన్స్ ఆఫీసర్ పాత్రలు పెట్టింది. కానీ అందులో మొదట కష్టాంకం (గెలవడానికి పాచికతో అందుకోవాల్సిన అంకె) ఓడ స్థాయికి రెట్టింపు చొప్పున పెరిగేది. ఆటగాళ్ల నైపుణ్యం అంత వేగంగా పెరగదు కాబట్టి, లెవెల్ పెరిగేకొద్దీ ఓడ నడపడం కష్టమయ్యేది. తర్వాత దాన్ని ఒకటిన్నర రెట్లకు దించారు. నువ్వు కష్టాంకం రాసేటప్పుడు 1, 5, 10 లెవెళ్లలో గెలిచే శాతం లెక్కగట్టి పక్కపక్కన పెట్టుకో. అది తగ్గుతూ పోతుంటే ఫార్ములా మార్చు. పాత్ర అన్నాక ప్రతి రౌండులో కనీసం రెండు పనుల మధ్య ఎంపిక ఉండాలి. ‘మళ్లీ మరమ్మతు చేస్తాను’ అనడం ఎంపిక కాదు.

ప్రచురించే ఆలోచన ఉంటే, ఐదో ఎడిషన్ ప్రాథమిక రూల్స్ పత్రం ఎస్ఆర్‌డీ 5.1 జనవరి 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ (ఉచిత వాడకపు లైసెన్సు) కింద ఉంది. మూలం పేర్కొంటే వాడుకోవచ్చు. స్పెల్‌జామర్ లోకం, దాని జీవుల పేర్లు అందులో భాగం కావు, వాటి జోలికి పోకు.

పరీక్షకు కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) అక్కర్లేదు. నలుగురు ఆటగాళ్లు, ముందే తయారుచేసిన పాత్రల షీట్లు, ఒక ప్రయాణం, ఒక ఓడల పోరు. రెండు పరీక్షల మధ్య ఒక్క రూలే మార్చు. రెండు మారిస్తే ఆట ఏది మార్చడం వల్ల బాగుపడిందో నీకే తెలియదు. ఎవరైనా రూల్ పుస్తకం తెరిచిన ప్రతిసారీ పేజీ నంబరు రాసుకుని, ఆ పేజీలు నాకు పంపు.